వాల్వు వర్ధకములలో రొద: దాని జాడ తీయు విధము

ఈ సంవత్సరము మన పదవ తరగతి విద్యార్థి యొకడు తన తాతగారి కాలపు రేడియోగ్రామును గూర్చి నన్నొక ప్రశ్న యడిగెను. "మాష్టారూ, మా పెట్టె పాడుచున్నది గాని, పాటకంటె రొద యెక్కువగా నున్నది. వాల్వులన్నియు మార్చినచో పోవునా?" అని వాని ప్రశ్న. పోవచ్చును, పోకపోవచ్చును. ఎచ్చట పుట్టిన రొదయో తెలిసికొనక వాల్వులు మార్చుట, జ్వరము దేనివలన వచ్చినదో చూడక అంగడిలోని మందులన్నియు మ్రింగుటవంటిది. పైగా నేడు వాల్వు దొరకుటయే కష్టము. దొరకినను వెల యెక్కువ. వానికి నేను చెప్పిన యుత్తరమునే కొంత విస్తరించి యిక్కడ వ్రాయుచున్నాను. అటకమీద నిట్టి పెట్టెలున్న తల్లిదండ్రులు వానిని పాతసామాను వానికి తూచి యిచ్చుటకు ముందు ఈ నాలుగు పుటలు చదువుదురు గాక.

వాల్వు అనగా గాలి తీసివేసిన గాజునాళము. 1904 లో ఇంగ్లండు దేశస్థుడగు ఫ్లెమింగు దొర రెండు లోహభాగములు గల నాళమును చేసెను. 1906 లో అమెరికా దేశమున లీ డి ఫారెస్టు ఆ రెండింటి నడుమ మూడవదానిని, సన్నని తీగెతో చేసిన జాలరిని, ఉంచెను. వేడియెక్కిన కాథోడునుండి ఎలక్ట్రానులు బయలుదేరి ప్లేటువైపు పరుగెత్తును. నడుమనున్న జాలరికి గ్రిడ్డని పేరు. గ్రిడ్డుమీద విద్యుత్తు లేశమాత్రము హెచ్చుతగ్గులైనను ప్లేటునకు పోవు ప్రవాహము మిక్కిలి హెచ్చుతగ్గులగును. చిన్న మాట పెద్ద మాటగుటకు మూలమిదియే.

1938 జూను 16 న మద్రాసు రేడియో కేంద్రమును, 1948 డిసెంబరు 1 న విజయవాడ కేంద్రమును ప్రారంభమైనవి. ఆ కాలమున మన గోదావరి మండలములలో వార్తలు, పాటలు వినిపించిన పెట్టెలన్నియు వాల్వుల పెట్టెలే. 1954 లో బెంగుళూరున స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ 1961 నుండి రేడియో వాల్వులను మన దేశమందే తయారుచేసినది. బి.ఇ.ఎల్. అను ముద్ర గల గాజునాళములు మన పాత పెట్టెలలో నేటికిని కనబడును. ట్రాన్సిస్టరు వ్యాపించిన పిదప ఆ తయారీ నిలిచిపోయినది. ఇప్పుడు క్రొత్త వాల్వులు ముఖ్యముగా రష్యా, స్లొవేకియా, చైనా దేశములనుండి రావలెను. 2022 లో యుక్రెయిను యుద్ధము మొదలైనప్పుడు రష్యా సరకు కొంతకాలము చిక్కులలో పడి వెలలు పెరిగినవి. కావున ఒక్క మంచి వాల్వునైనను అనవసరముగా పారవేయుట నాకు సమ్మతము కాదు.

ఇక వర్ధకము సంగతి. గ్రామఫోను ముల్లు రికార్డు గాడిలో కదలినప్పుడు అయస్కాంతపు పికప్పులో పుట్టు విద్యుత్తు సుమారు 5 మిల్లీవోల్టులు, అనగా వోల్టులో రెండువందలవ వంతు. ఇది లౌడు స్పీకరును కదలించజాలదు. అందుచేత మొదట దానిని పెంచి, స్వరములను సరిచేసి, పెద్ద వర్ధకమునకు అందించు భాగ మొకటి ఉండును. దానినే ప్రీయాంప్లిఫయరు అందురు. ఇందులో సాధారణముగా నుండునది ఇసిసి 83 అను చిన్న వాల్వు. అమెరికావారు దానికే 12 ఏఎక్స్ 7 అని పేరు పెట్టిరి. ఒకే గాజులో రెండు వాల్వులు కలవు. ఒక్కొక్క సగము వచ్చిన ధ్వనిని వాడుకలో 50 నుండి 60 రెట్లు పెంచును.

ఇచ్చట ముఖ్యముగా గ్రహింపవలసిన దొకటి గలదు. ధవళేశ్వరమున 1852 లో పూర్తియైన ఆనకట్టనుండి కాలువలు బయలుదేరి మన పొలములకు వచ్చుచున్నవి గదా. తలకాలువలో బురద కలిసినచో అది ప్రతి లాకును దాటి ప్రతి తూములోను కనబడును. తుది పిల్లకాలువలో కలిసిన బురద ఆ మడితో సరి. వర్ధకమునందును ఇంతే. మొదటి వాల్వులో పుట్టిన రొద పాటతోపాటు అన్ని మెట్లును ఎక్కి పెద్దదగును. రెండవ వాల్వులో పుట్టిన రొదకు మొదటి వాల్వు పెంచు 50 రెట్లు తప్పిపోవును. కావున ఒకే దోషము ముందు వాల్వులో నున్నప్పుడు దుర్భరముగాను, వెనుక వాల్వులో నున్నప్పుడు వినబడనంత స్వల్పముగాను ఉండును. (కాలువలో బురద పోనుపోను తేరుకొనును, ఇచ్చట రొద పోనుపోను పెరుగును. ఉపమానము అంతవఱకే పనికివచ్చును.)

రొద యంతయు దోషము కాదని కూడ చెప్పవలెను. వేడిమి గల ప్రతి వస్తువులోను ఎలక్ట్రానులు కుదురుగా నుండక తొట్రుపడుచుండును. అమెరికాలో జాన్సను దీనిని కొలిచెను. నైక్విస్టు దీనికి సూత్రము కట్టెను. ఇద్దఱి వ్యాసములును 1928 లో వెలువడినవి. ఆ సూత్రముచొప్పున, 30 డిగ్రీల వేడిమి గల మన గదిలో 1,00,000 ఓముల రెసిస్టెన్సు ఏ పనియు చేయక ఊరకయున్నను, మన చెవికి వినబడు 20,000 సైకిళ్ల మేరలో సుమారు 6 మైక్రోవోల్టుల రొదను పుట్టించును. పికప్పునుండి వచ్చు 5 మిల్లీవోల్టులతో పోల్చినచో ఇది ఎనిమిదివందల వంతుకంటె తక్కువ. ఇంతేగాక ఎలక్ట్రానులు ప్లేటుమీద గింజలవలె ఒక్కొక్కటిగా పడుటచేత పుట్టు రొదను షాట్కీ యను జర్మను శాస్త్రజ్ఞుడు 1918 లోనే వివరించెను. రేకుమీద సన్నని గింజలు చల్లినప్పటి శబ్దము వంటిది అది. కావున రికార్డు లేకుండ వాల్యూమును పూర్తిగా పెంచి, స్పీకరునకు చెవి యానించి, మెత్తని బుస వినబడినదని బెదరిపోవలదు. నాలుగడుగుల దూరమున కూర్చుండి, రోజును వినునంత ధ్వనిలో విన్నప్పుడు బాధించునదే చికిత్సకు తగిన రొద.

పెట్టె విప్పుటకు ముందే చేయదగిన పరీక్షలు గలవు. చాల పెట్టెల సంగతి ఇచ్చటనే తేలిపోవును. మొదట ముల్లును రికార్డుమీదనుండి ఎత్తుడు. చిటపట ఆగినచో దోషము రికార్డుది, లేక ముల్లుది, వర్ధకమును నిందింపరాదు. ఆగనిచో మీటను గ్రామఫోను స్థానమునుండి రేడియో స్థానమునకు త్రిప్పుడు. రొద గ్రామఫోనులో మాత్రమే యున్నచో అది పికప్పు వాల్వు దగ్గఱ, లేక దానికి వచ్చు తీగెలలో ఉన్నది. రెంటను ఉన్నచో వెనుకనున్నది. తరువాత వాల్యూము మరను మెల్లగా తగ్గింపుడు. రొదయు తగ్గినచో అది ఆ మరకు ముందు పుట్టుచున్నది. మర సున్నకు వచ్చినను రొద తగ్గనిచో అది మరకు వెనుక పుట్టుచున్నది. లాకు మూసి చూచి బురద ఎగువదో దిగువదో తెలిసికొనుట యన్నమాట. ఒక్క అర నిమిషపు పరీక్షతో సగము పెట్టె నిర్దోషియని తేలిపోవును. అయినను మరమ్మతువారిలో పెక్కుమంది దీనిని చేయక ముందే స్క్రూడ్రైవరు తీయుదురు. నాకది నచ్చదు.

మఱియు రొద యొక్క కంఠమును వినవలెను. మన విద్యుత్తు క్షణమునకు 50 మార్లు ఊగును. కడుపులో తగిలినట్లుండు లోతైన మంద్రధ్వని వినబడినచో అది ఆ 50 సైకిళ్ల హమ్ము. పికప్పు తీగెకు ఎర్తు తెగినప్పుడు, సన్నని తీగె కరెంటు తీగె ప్రక్కగా పోయినప్పుడు, లేక వాల్వులో హీటరునుండి కాథోడునకు విద్యుత్తు కారునప్పుడు ఇది వచ్చును. దానికి సరిగా పై స్థాయిలో, మంద్ర షడ్జమమునకు మధ్య షడ్జమమువలె, కొంచెము గరుకుగా వినబడునది 100 సైకిళ్ల హమ్ము. ఏసీని డీసీగా మార్చిన పిదప దానిని నున్నగా చేయు పెద్ద కండెన్సర్లు ఎండిపోయినచో ఇది పుట్టును. దీనికి వాల్వు మార్చుట వ్యర్థము. ఈ రెండు హమ్ములలో భేదమును హార్మోనియము వాయించు పిల్లలు నాకంటె త్వరగా పట్టుదురు.

గ్రామఫోను స్థానములో హమ్ము మొండిగా నుండుటకు వేఱొక కారణము గలదు. రికార్డు కోయునప్పుడు మంద్రస్వరములను తగ్గించి కోయుదురు. లేనిచో గాడి మిక్కిలి వెడల్పగును. వినునప్పుడు ప్రీయాంప్లిఫయరు వానిని తిరిగి పెంచవలెను. 1954 లో ఏర్పడిన ఆర్.ఐ.ఎ.ఎ. నియమముచొప్పున 50 సైకిళ్ల ధ్వనిని 1,000 సైకిళ్ల ధ్వనికంటె సుమారు 7 రెట్లు పెంచవలసియున్నది. దురదృష్టమున మన కరెంటు స్వరమును ఆ 50 సైకిళ్లే! ఆ చోట చొరబడిన కొంచెపు హమ్ము ఏడంతలై వినబడును. కావున గ్రామఫోను బల్లనుండి వచ్చు ఎర్తు తీగె చాసిసునకు గట్టిగా బిగింపబడి యున్నదో లేదో అన్నిటికంటె ముందుగా చూడవలెను. రూపాయి ఖర్చు లేని పని.

తక్కిన ధ్వనులు: నిప్పులో ఉప్పు వేసినట్లు చిటపటలాడినచో సాకెట్టో, రెసిస్టెన్సో, వాల్వు లోపలి సందులో దుమ్మో కావచ్చును. మర త్రిప్పునప్పుడు మాత్రమే గరగరలాడినచో ఆ మరలోపలి మురికి, లేక దానిలోనికి డీసీని పోనిచ్చు కండెన్సరు. పెట్టెను తట్టినప్పుడు గంటవలె గింగురుమన్నచో అది మైక్రోఫోనిక్ వాల్వు. అనగా లోపలి గ్రిడ్డు వదులై, మాట తగిలినను కదలుచున్నది. మోటారు పడవవలె డబడబ కొట్టుకొన్నచో వాల్వులకు ప్లేటు విద్యుత్తు నిచ్చు దారిలోని కండెన్సరు చెడినది.

ఇక పెట్టె విప్పవలసిన ఘట్టము. విద్యార్థులారా, ఇచ్చట నొక్కమాట మిక్కిలి శ్రద్ధగా వినుడు. ఈ పెట్టెలలో 250 మొదలు 350 వోల్టుల డీసీ యుండును. మీట ఆపి, ప్లగ్గు పెరికిన పిదపను కండెన్సర్లలో అది నిలిచియుండును. 300 వోల్టులతో నిండిన 32 మైక్రోఫారాడుల కండెన్సరులో సుమారు ఒకటిన్నర జౌలు శక్తి యున్నది. తాకినవానిని వెనుకకు పడద్రోయుటకది చాలును. ప్లగ్గు తీసి, కొన్ని నిమిషములు వేచి, 10,000 ఓముల 5 వాట్ల రెసిస్టెన్సును, పిడిగల తీగెలతో, కండెన్సరు కొననుండి చాసిసునకు కొంతసేపు ఆనించి, మీటరుతో కొలిచి, వోల్టులు దాదాపు సున్నయైనవని చూచిన పిమ్మటనే చేయి పెట్టవలెను. ఒక చేయి వీపువెనుక నుంచుకొనుట పాత రేడియో మరమ్మతువారి యలవాటు, మంచి యలవాటు. తెలిసిన పెద్దవారు ప్రక్కన లేకుండ ఏ విద్యార్థియు ఇట్టి పెట్టెను విప్పరాదు.

తల్లిదండ్రులకు వేఱుగా చెప్పవలసిన దొకటి. కొన్ని పాత రేడియోలలో ట్రాన్సుఫార్మరు లేదు. ఏసీకిని డీసీకిని పనిచేయునట్లు చేసినవి. వాని వాల్వుల పేర్లు తఱచుగా యూ అను అక్షరముతో మొదలగును. యూఎల్ 41, యూవై 41 అట్టివి. వీనిలో చాసిసు నేరుగా కరెంటు తీగెకే కలిసియుండును. బొత్తాము ఊడిపోయి ఇనుపకడ్డీ బయటపడిన అట్టి రేడియోను తాకుట గోడమీది ప్లగ్గులో వ్రేలు పెట్టుటతో సమానము. దానికి బయటినుండి గ్రామఫోనును గాని ఎర్తును గాని తగిలింపరాదు. అట్టి పెట్టెను పిల్లల కందకుండ నుంచుడు.

ఏండ్ల తరబడి అటకమీద నున్న పెట్టెను దింపి వెంటనే ప్లగ్గు పెట్టుటయు కూడదు. ఎండిన కండెన్సరు పగులవచ్చును, ట్రాన్సుఫార్మరు మాడవచ్చును. మొదట లోపలి దుమ్మును, బల్లి గ్రుడ్లను, చీమల పుట్టలను బ్రష్షుతో తీసివేయవలెను. తరువాత 60 వాట్ల ఫిలమెంటు బల్బును పెట్టెకు వరుసలో కలిపి కరెంటు ఇయ్యవలెను. ఎల్‌ఇడి బల్బు దీనికి పనికిరాదు. లోపల ఎచ్చటనైన షార్టు ఉన్నచో బల్బు పూర్తి వెలుగుతో వెలిగి పెట్టెను కాపాడును.

ఇప్పుడు నేను మొదట చెప్పిన రేడియోగ్రాము కథ. అది 1960 దశకపు స్టీరియో పెట్టె. తాతగారు రైల్వే ఉద్యోగమున నున్నప్పుడు కొన్నది. ఎడమ స్పీకరులో చిటపటయు బుసయు. కుటుంబమువారు దానిని ఒక పట్టణములోని అంగడికి పంపగా, అచ్చటివారు నాలుగు క్రొత్త వాల్వులు వేసి, మూడు వేలకు పైగా తీసికొని, రొద తగ్గలేదని తెలిసిన పిదప "ఇది యిక పనికిరాదు, పారవేయుడు" అనిరట. తండ్రిగారు దానిని తూకమునకు వేయ నిశ్చయించిరి. వాని నాయనమ్మ మాత్రము ఒప్పుకొనలేదు.

ఆదివారము సాయంకాలము వారి యింటికి పోయితిని. ముల్లు ఎత్తినను రొద ఆగలేదు. గ్రామఫోను స్థానములో మాత్రమే ఉన్నది. మర తగ్గించిన తగ్గుచున్నది. కావున గ్రామఫోను వాల్వులవద్దనే యని తేలినది. ఎడమకొకటి, కుడికొకటి రెండు ఇసిసి 83 లు కలవు. కరెంటు ఆపి, చల్లారనిచ్చి, ఆ రెంటిని తారుమారు చేసితిమి. వాల్వు దోషియైనచో రొద వాల్వుతోపాటు కుడి స్పీకరునకు పోవలెను. పోలేదు; ఎడమనే నిలిచినది. అనగా వాల్వుది తప్పు కాదు, అది కూర్చున్న చోటిది తప్పు. ఈ ఒక్క పరీక్ష ఆ అంగడిలో జరిగియున్నచో మూడు వేలు మిగిలియుండును. స్టీరియో పెట్టె గలవారికి ఇంతకంటె నమ్మకమైన పరీక్ష వేఱొకటి లేదు.

సాకెట్టులో చూడగా ఇత్తడి స్ప్రింగులు రెండు పచ్చబడియున్నవి. మన సామర్లకోటలో ఏడాదిలో సగము దినములు గాలి తేమతో బరువుగా నుండును; కాకినాడ సముద్రపు గాలియు దూరము కాదు. డెల్టాలోని పెట్టెలకు వాల్వు జబ్బుకంటె సాకెట్టు జబ్బు ఎక్కువయని నా యభిప్రాయము. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, ఆరనిచ్చి, వదులైన స్ప్రింగులను సూదితో కొంచెము దగ్గఱకు ఒత్తి, వాల్వును నాలుగైదు మార్లు దింపి తీసితిమి. చిటపట సగము తగ్గినది, పూర్తిగా పోలేదు. అప్పుడు ప్లేటునకు పోవు రెసిస్టెన్సును, దాని కొనను విడదీసి, మీటరుతో కొలిచితిమి. దానిమీద గోధుమ, నలుపు, పసుపు పట్టీలు. అనగా 1,00,000 ఓములు ఉండవలెను. మీటరు 1,60,000 చూపినది. పాత కార్బను రెసిస్టెన్సులు తేమకు, వేడిమికి ఇట్లు మారును. మారినవి ప్రవాహము పోవునప్పుడు రొద చేయును. ప్లేటు రెసిస్టెన్సు మొదటి మెట్టులోనిదగుటచే ఆ రొద తరువాతి మెట్లన్నిటిలోను పెరుగును. దాని స్థానమున అదే విలువగల మెటలు ఫిల్ము రెసిస్టెన్సును టంకము పెట్టి అతికితిమి. దాని వెల ఒక టీకంటె తక్కువ. చిటపట పోయినది. తాతగారు కొన్ననాటి పాత వాల్వులను తిరిగి వేసి చూడగా అవియు నిశ్శబ్దముగానే పాడినవి. అంగడివారు వానిని తిరిగి యిచ్చుటయే అదృష్టము. క్రొత్తవి నాలుగును డబ్బాలో నిలువయున్నవి.

నిజముగా వాల్వు చెడినప్పుడు మార్చు విధము చెప్పెదను. పెట్టె పనిచేయుచుండగా పెన్సిలు వెనుకకొనతో వాల్వు గాజును ఒక్కొక్కటిగా మెల్లగా తట్టవలెను. కఱ్ఱ పెన్సిలు గాని లోహము కాదు. ఒక వాల్వును తట్టినప్పుడు మాత్రము చిటపటయో గింగురో పెద్దగా వచ్చినచో అది అనుమానితము. మొదటి మెట్టు వాల్వు కొంచెము టక్కుమనుట సహజమే. మైక్రోఫోనిక్ వాల్వును పారవేయనక్కఱలేదు. ధ్వని పెద్దదైన వెనుక మెట్టులో, అదే రకపు వాల్వు ఉన్న చోట వేసినచో నిక్షేపముగా పనిచేయవచ్చును. లోపల గాజుపై వెండి పూతవలె మెఱయు మచ్చయొకటి యుండును. మిగిలిన గాలిని పీల్చుటకు ఉంచిన బేరియము అది. పాలవలె తెల్లబడినచో గాలి చొచ్చినది. ఆ వాల్వు మృతము.

తీయునప్పుడు పూర్తిగా చల్లారనిచ్చి, గాజును అడుగుభాగమున పట్టి, కొంచెము కొంచెముగా ఊపుచు నిలువుగా పైకి లాగవలెను. త్రిప్పరాదు. తొమ్మిది పుల్లలలో మొదటిదానికిని తొమ్మిదవదానికిని నడుమ ఎడము ఎక్కువ; ఆ ఎడము సాకెట్టులోని ఎడమునకు సరిపడునట్లు పట్టి తిన్నగా అదుమవలెను. వంగిన పుల్లను ముందుగా సరిచేయవలెను. లేనిచో గాజు అడుగున పగులును. గాజును చేతితో ముట్టరాదని కొందఱు చెప్పుదురు. అది కొన్ని దీపముల విషయము, ఈ వాల్వులకు వర్తింపదు.

పేరు చూచి కొనవలెను గాని ఆకారము చూచి కాదు. యూరపువారి పేర్లలో అర్థము గలదు. మొదటి అక్షరము ఇ అనగా హీటరు 6.3 వోల్టులది. సి అనగా మూడు భాగముల వాల్వు. రెండు సి లున్నచో రెండు వాల్వులు. ఎఫ్ అనగా అయిదు భాగములది, ఎల్ అనగా స్పీకరును నడుపునది, జడ్ అనగా ఏసీని డీసీగా మార్చునది. సంఖ్య 8 తో మొదలైనచో తొమ్మిది పుల్లల చిన్న సాకెట్టు. ఇసిసి 81, 82, 83 మూడును చూపునకు కవల పిల్లలే, హీటరు పుల్లలును ఒకటే. కాని పెంచు శక్తిలో 83 నకు 100 అంకము, 81 నకు 60, 82 నకు 20 కంటె తక్కువ. 83 చోట 82 వేసినచో రొద తగ్గినట్లు తోచును. పాటయు తగ్గినదని ఆలస్యముగా తెలియును. ఇసిసి 88 సంగతి ఇంకను ప్రమాదకరము. ఇసిసి 83 నకు హీటరు కొనలు 4, 5 పుల్లలు, నడిమి కొన 9 వ పుల్ల. 6.3 వోల్టులతో నడుపు పెట్టెలో 4 ను 5 ను ఒకటిగా కలిపియుందురు. ఇసిసి 88 నకు హీటరు 4, 5 ల మధ్యనే, 6.3 వోల్టులకే, 9 వది వట్టి అడ్డుతెర. కావున ఆ సాకెట్టులో పెట్టినచో అది వెలుగనే వెలుగదు. 4, 5 ల మధ్య 12.6 వోల్టులిచ్చు పెట్టెలో పెట్టినచో మాడిపోవును. అంగడివారు "ఇదియు సరిపోవును" అన్నచో ఈ మూడు పుల్లల సంగతి అడుగుడు.

క్రొత్త వాల్వు వేసిన పిమ్మట మీటరుతో హీటరు వోల్టులను తప్పక చూడవలెను. పాత ట్రాన్సుఫార్మర్లకు 220, 230, 240 అని కొనలుండును. 220 కొనకు కట్టియుండగా ఇంటికి 240 వోల్టులు వచ్చినచో 6.3 ఉండవలసిన హీటరుకు 6.9 వోల్టులు తగులును. అది త్వరగా అరిగిపోవును. హీటరు కాథోడుల మధ్య కారుటయు ఎక్కువగును, హమ్ము వచ్చును. మన ఊరిలో రాత్రి పదిగంటల తరువాత వోల్టులు పెరుగుట చాలమందికి తెలిసినదే. కొనను 240 కి మార్చి కట్టించుకొనుట మేలు.

ఒక్కమారు ఒక్క వాల్వునే మార్చి, పెట్టెను అరగంట పాడనిచ్చి, తరువాతనే రెండవదాని మాట యెత్తవలెను. తీసిన వాల్వుమీద ఏ సాకెట్టునుండి, ఏ తేదీన తీసినది, ఎట్టి రొద చేసినది చిన్న కాగితముపై వ్రాసి దారముతో కట్టి, మూత బిగియు డబ్బాలో, సిలికా జెల్ పొట్లముతో నుంచుడు. గాజుమీది పేరు చెమట చేతికి తుడుచుకొనిపోవును గనుక ఆ పేరును కూడ అదే కాగితముమీద ముందుగా వ్రాయుడు.